రేలీ ప్రభువు

తిరుపతి నుండి చిత్తూరు పోవు రహదారిమీద, చంద్రగిరి దాటిన పిదప, కొండల నడుమ గాదంకి గ్రామమున్నది. నేడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా పేరొందిన అచ్చటి సంస్థలో 1998లో జపాను సహకారముతో ఒక లైడార్ యంత్రమును నెలకొల్పినారు. రాత్రివేళ ఆకుపచ్చని లేజరు కిరణమును నింగికి పంపి, గాలి అణువులు వెనుకకు చిమ్మిన కాంతినిబట్టి, సుమారు 30 నుండి 80 కిలోమీటర్ల ఎత్తులోని ఉష్ణోగ్రతను లెక్కగట్టు సాధనమది. దాని పేరు రేలీ లైడార్. సెల్‌ఫోను సంకేతము దారిలో ఎంత నిలుచునో, ఎంత సడలునో, టవరు నాటకముందే కంప్యూటరుమీద సిమ్యులేషన్ ద్వారా అంచనా కట్టు ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకును ఆ పేరు నిత్యపరిచితమే. భాకరాపేట ఘాటులో మాట నడుమ తెగిపోయిన అనుభవము మాలో చాలమందికి కలదు గాని, ఆ పేరు గల మనుష్యుని గురించి మాకు తెలిసినది బహు స్వల్పము. అందుచేతనే ఈ ప్రయత్నము.

జాన్ విలియం స్ట్రట్ 1842 నవంబరు 12న ఇంగ్లాండులోని ఎసెక్స్ ప్రాంతమున ఒక భూస్వామి కుటుంబములో జన్మించినారు. బాల్యమంతయు అనారోగ్యమే. ఈటన్, హారో వంటి పెద్ద బడులలో చేరియు ఎక్కువకాలము నిలువలేకపోయినారు. 1861లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో ప్రవేశించి, 1865లో గణితమున సర్వప్రథములై సీనియర్ రాంగ్లర్ బిరుదు పొందినారు. 1871లో ఎవెలిన్ బాల్ఫోర్‌ను వివాహమాడినారు. మరుసటి సంవత్సరమే కీళ్లవాత జ్వరము ప్రాణముమీదికి వచ్చినది. గాలిమార్పునకై ఈజిప్టు వెళ్లి, నైలు నదిపై పడవలో కోలుకొనుచు, ధ్వనిశాస్త్రముపై తమ మహాగ్రంథమును ప్రారంభించినారు. 1873లో తండ్రి మరణింపగా రేలీ ప్రభువైనారు. జమీ వ్యవహారములను కొంతకాలమునకే తమ్మునికప్పగించి, టెర్లింగ్‌లోని సొంత ఇంటిలోనే ప్రయోగశాల ఏర్పరచుకొన్నారు.

మన విషయమునకు మూలమైన వ్యాసము 1880 నాటిది. ఒకే శ్రుతిగల అనేక నాదములు పొందికలేని దశలతో కలిసినపుడు మొత్తము బలమెంత? సగటున నాదముల సంఖ్యను బట్టియే తీవ్రత పెరుగును. కాని ఏదేని ఒక్క సందర్భమున అవి ఒకదానినొకటి హరించి దాదాపు శూన్యము కావచ్చును, లేదా కలిసి మిక్కిలి పెరుగవచ్చును. ఏ ఫలితమునకు ఎంత అవకాశమో తెలుపు నియమమును ఆయన ఇచ్చినారు. హెర్ట్జ్ రేడియో తరంగములను ప్రయోగముతో నిరూపించుటకు అది ఏడెనిమిది సంవత్సరముల ముందుమాట!

టవరు నుండి వెడలిన తరంగము కొండచరియలను, గోడలను, ఎదురువచ్చు లారీలను తాకి నానా మార్గముల ఫోనును చేరును. 900 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 33 సెంటీమీటర్లు గనుక, ఫోను జానెడు జరిగినను బలము తారుమారు కావచ్చును. రేలీ నియమము ప్రకారము సంకేతశక్తి సగటులో పదవవంతుకన్న తగ్గు అవకాశము నూటికి 10 కన్న కొంచెము తక్కువ. నూరవవంతుకన్న తగ్గుట నూటికి 1. ఈ లెక్కను బట్టియే ఎంత శక్తి అదనముగా నుంచవలెనో, ఎన్ని తప్పులు దొర్లునో ఇంజనీర్లు ముందుగా గణింతురు. 1968లో క్లార్క్, 1974లో జేక్స్ దీనిని కదలుచున్న వాహనములకు అన్వయించిన పిదప కంప్యూటరు గణనము సులువైనది. అయితే టవరు సూటిగా కనుపించు బయలులో ఈ నియమము చెల్లదు. అచ్చట రైస్ అను శాస్త్రజ్ఞుని సూత్రము కావలెను. మా తోటివారు తరచుగా పొరబడునది ఇచ్చటనే.

1879లో మాక్స్‌వెల్ మరణానంతరము రేలీ కావెండిష్ ఆచార్యులై 1884 వరకు పనిచేసినారు. ఆ కాలముననే, 1882లో, అచ్చటి తరగతులు స్త్రీలకు పురుషులతో సమానముగా తెరువబడినవి. గాలినుండి తీసిన నత్రజని, అమోనియానుండి తీసినదానికన్న సుమారు అరశాతము బరువు తూగినది. మరొకరైన కొలతలోని లోపమని విడిచెడివారు. రేలీ విడువలేదు. 1894లో రామ్సేతో కలిసి ఆర్గాన్ వాయువును వెల్లడించి, 1904లో నోబెల్ బహుమానము పొంది, ఆ ధనమును కేంబ్రిడ్జికే ఇచ్చివేసినారు.

మా మనస్సునకు మిక్కిలి హత్తుకొన్న ఉదంతము వేరొకటి. వాటర్‌స్టన్ అను నతడు వాయువుల అణుచలనముపై 1845లో రాయల్ సొసైటీకి పంపిన వ్యాసమును పరిశీలకులు నిరర్థకమని త్రోసివేసినారు. అతడు 1883లో మరణించినాడు. రేలీ సొసైటీ కార్యదర్శిగా నుండి 1891లో ఆ వ్రాతప్రతిని వెదకి తీసి, మరుసటి ఏడు తమ పీఠికతో అచ్చువేయించి, తమ సంస్థ చేసిన అన్యాయమును లోకమునకు తెలిపినారు.

ఆకాశపు నీలిమకు గాలి అణువులే కారణమని 1899లో స్థిరపరచిన ఆ మహనీయుడు సముద్రపు నీలిమ మాత్రము ఆకాశపు ప్రతిబింబమేయని తలచినారు. 1919 జూన్ 30న ఆయన కన్నుమూసినారు. రెండేండ్లకు, 1921లో, ఇంగ్లాండునుండి ఓడపై తిరిగివచ్చుచు మన రామన్ పండితుడు చిన్న పట్టకముతో సముద్రమును పరీక్షించి, ఆ నీలము నీటి అణువులదేయని తేల్చినాడు.