రాళ్లను చదివిన ఫూట్ దొర

అనంతపురం మీదుగా బస్సులో వెళ్తుంటే మీకేం కనిపిస్తుంది? ఎర్ర నేల, వేరుశనగ చేలు, బోడి గుట్టలు. వాన పడని చోట ఏముందిలే అనుకుని బెంగళూరు బస్సెక్కేస్తాం. కానీ ఇలాంటి గుట్టల కోసమే ముప్పై ఏళ్లకు పైగా దక్షిణాదంతా తిరిగినాయన ఒకరున్నారు. ఆయనే రాబర్ట్ బ్రూస్ ఫూట్.

1834లో ఇంగ్లండ్‌లో పుట్టారు. 24 ఏళ్లకే భారత భూగర్భ సర్వే సంస్థలో చేరి మద్రాసు ప్రాంతానికి వచ్చారు. ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తిరిగి చూసి పటం గీయడమే ఉద్యోగం. కళ్లు ఎప్పుడూ నేల మీదే. అందుకే 1863లో పల్లావరం దగ్గర అందరూ దాటుకుంటూ పోయే ఒక రాయి ఆయన కంటపడింది. అది ఆదిమానవుడు చెక్కిన పనిముట్టు! మన దేశంలో పాతరాతియుగం ఆనవాళ్లు అలా బయటపడ్డాయి.

మరి బంగారం సంగతి? గ్రానైట్, నైస్ రాళ్ల మధ్య సన్నని పట్టీల్లా సాగే ముదురు రంగు పొరరాళ్లను ఆయన విడిగా గుర్తించి, వాటికి ధార్వార్ శిలలని పేరు పెట్టారు. కోలారు, హట్టి, మన రామగిరి... ఈ బంగారమంతా అలాంటి పట్టీల్లోదే. దాంతో బంగారం వెతికేవాళ్లకు జిల్లా అంతా గాలించే బాధ తప్పింది. పట్టీ పట్టుకుని నడవడం, తెల్లని పలుగురాతి చారలు, పాతకాలపు తవ్వకాల గుంతలు చూడడం, రాయి దంచి నీళ్లలో కడగడం, అంతే. రామగిరిలో 20వ శతాబ్దం తొలినాళ్లలో గనులు నడిచాయి. తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ తవ్వింది. 2001లో అదీ మూతపడింది.

ఫూట్ 1891లో రిటైరయ్యారు. అయినా ఊరుకోలేదు. బరోడా, మైసూరు సంస్థానాల్లో పనిచేశారు. సేకరించిన పనిముట్లు మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1912లో కన్నుమూశారు.

గనులు మూతపడ్డాయి గానీ ఆయన చదువు మూతపడలేదు. జియాలజీలో పీజీ చేస్తే, యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి, ఆయన పనిచేసిన సంస్థలోనే మీరూ చేరొచ్చు. బంగారమే కాదు, కరవు సీమలో భూగర్భ జలాల జాడ తీయడానికీ ఆ చదువే కావాలి. ఈసారి ఊరెళ్లినప్పుడు కాళ్ల కింద రాయిని ఒకసారి తిప్పి చూడండి.