హార్లెం మాతృమూర్తి క్లారా హేల్

శిశువు ఏడిస్తే ఆకలి వేసినదని తల్లి గ్రహిస్తుంది. కాని పాలు పట్టినా, జోకొట్టినా ఒక పట్టాన మానని ఏడుపు మరొకటి ఉన్నది. తల్లి హెరాయిన్ వంటి మత్తుపదార్థానికి లోబడితే, అది మాయ ద్వారా గర్భస్థశిశువుకు కూడ చేరుతుంది. బొడ్డు కోసిన క్షణంతో ఆ రాక ఆగిపోతుంది. ఒకటి రెండు దినాలలోనే శిశువు అల్లాడిపోవడం మొదలిడుతుంది. కీచుమను ఏడుపు, చేతులకూ కాళ్లకూ వణుకు, చెమట, తుమ్ములు, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి దాని లక్షణాలు. ఒక్కొక్కప్పుడు మూర్ఛలు కూడ వస్తాయి. తాను చేయని తప్పుకు ఇట్లు శిక్ష అనుభవించు పసికందులను అక్కున చేర్చుకొని లోకానికి తెలిసిన స్త్రీ క్లారా హేల్.

ఆమె 1905వ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీన అమెరికాలో, ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించినది. బాల్యం ఫిలడెల్ఫియాలో గడచినది. చిన్ననాటనే తండ్రి గతించినాడు. యౌవనం రాకమునుపే తల్లియు దూరమైనది. థామస్ హేల్‌ను వివాహమాడి న్యూయార్క్ నగరానికి వచ్చినది. కొంతకాలానికి భర్త కేన్సరు వ్యాధితో మరణించగా, పిల్లల పోషణభారం ఆమె ఒక్కతెపైనే పడినది. పగలు పరుల ఇండ్లలోను, రాత్రి నాటకశాలలలోను ఊడ్చి తుడిచి కుటుంబాన్ని పోషించినది. ఈ పనులలో పడి కన్నబిడ్డలకు దూరమగుట ఆమెకు దుర్భరమైనది. అందుచేత పనికిపోవు తల్లుల పిల్లలను పగటివేళ తన ఇంటనే చూచుట ప్రారంభించినది. తరువాత ప్రభుత్వానుమతితో అనాథబాలలను కూడ స్వీకరించి, దాదాపు 40 మందిని పెంచి పెద్దచేసినది. అరువది యేండ్లు దాటినపిమ్మట ఇక విశ్రమింపదలచినది.

ఆ విశ్రాంతి ఎంతోకాలం సాగలేదు. 1969లో ఆమె కుమార్తె లొరెయిన్, హార్లెం ప్రాంతంలో మత్తులో జోగుచున్న ఒక యువతిని చూచినది. ఆమె చేతులలోనుండి పసిబిడ్డ జారిపోవుచున్నది. లొరెయిన్ ఆమెకు తన తల్లి చిరునామా ఇచ్చి పంపినది. ఆ బిడ్డను క్లారా కాదనలేదు. ఈ వార్త నోట నోట ప్రాకి, రెండు నెలలు తిరుగకుండ ఆమె అయిదుగదుల ఇల్లు 22 మంది పసిబిడ్డలతో నిండిపోయినది. తొలిరోజులలో సర్కారు సొమ్ము లేదు. ఆమె సంతానమే అదనపు పనులు చేసి ఖర్చులు భరించినారు. అటుపిమ్మట నగరపాలకుల సహాయం లభించినది. 1970 దశకంలో 122వ వీధిలోని ఒక మేడ హేల్ హౌస్ పేరిట ఈ పిల్లల నివాసమైనది.

క్లారా హేల్ నర్సుగా శిక్షణ పొందలేదు, వైద్యశాస్త్రం చదువలేదు. అధికంగా బాధపడు నవజాతశిశువులను తన గదిలోనే ఉంచుకొనెడిది. రాత్రులు వారిని ఎత్తుకొని అటునిటు నడచెడిది; గుండెకు హత్తుకొని, మెల్లగా మాటాడుచు, ఆ గండం గడచువరకు కనిపెట్టి ఉండెడిది. అంతకంటె గొప్ప విషయం, ఆమె తల్లులను ద్వేషింపకపోవడం. తల్లి చికిత్సకు పోవలెను, మధ్య మధ్య వచ్చి బిడ్డను చూడవలెను, కోలుకొన్నపిమ్మట బిడ్డను తీసికొనిపోవలెను: ఇది ఆ గృహధర్మం. బిడ్డను రక్షించి తల్లిని విడిచివేయుట సగం పనియే అని ఆమె నడవడి చాటినది.

1985వ సంవత్సరం ఫిబ్రవరిలో అధ్యక్షుడు రీగన్ కాంగ్రెసు సభలో చేసిన ప్రసంగంలో ఆమెను ప్రశంసించగా, దేశమంతట ఆమె పేరు మారుమ్రోగినది. ఆ కాలంలోనే క్రాక్ అను కొకెయిన్ న్యూయార్క్‌ను ముంచెత్తినది. దానికి గురియైన తల్లుల బిడ్డలు ఎన్నటికిని బాగుపడరని పత్రికలు హోరెత్తించినవి. ఆ పిల్లలను ఏండ్ల తరబడి పరిశీలించిన పరిశోధకులు, ఆ భయం మితిమీరినదని తరువాత తేల్చినారు. ఆ హోరు చెలరేగిన దినాలలోను క్లారా ఏ బిడ్డయు పనికిరానిదని తలంపలేదు. ఎయిడ్స్ సోకిన శిశువులను సైతం ఆదరించినది. 1992 డిసెంబరు 18వ తేదీన, 87వ ఏట, ఆమె కన్నుమూసినది.

ఆమె వాత్సల్యంతో చేసినదానిని ఆసుపత్రులు శాస్త్రంగా నేర్చుకొనుటకు చాలకాలం పట్టినది. 1975లో ఫిలడెల్ఫియాలో లొరెట్టా ఫిన్నెగన్ అను వైద్యురాలు ఈ శిశువుల లక్షణాలకు మార్కులు వేయు పద్ధతిని రూపొందించినది. నర్సులు కొన్ని గంటలకొకసారి శిశువును పరీక్షించి మార్కులు కూడుదురు. మొత్తం హెచ్చినచో మార్ఫిన్ వంటి మందు ఇచ్చి, క్రమంగా తగ్గింతురు. తరువాత మరొక పద్ధతి వచ్చినది. అందు నర్సుకు నేర్పు ప్రశ్నలు మూడే: శిశువు తగినంత పాలు త్రాగుచున్నదా? ఒక గంటయైన నిద్రించుచున్నదా? పది నిమిషాలలో ఊరడిల్లుచున్నదా? వెలుతురు తగ్గించుట, చప్పుడు లేకుండ చేయుట, గుడ్డలో పొదువుట, తల్లిని బిడ్డకడనే ఉంచుట ఇందులో మొదటి చికిత్స. ఇవి చాలనప్పుడే మందు. అమెరికాలోని 26 ఆసుపత్రులలో నర్సులకు ఈ శిక్షణ ఇచ్చి చూడగా, శిశువులు ఇంటికి పోదగిన స్థితికి వచ్చుటకు పట్టు కాలం సగటున 14.9 దినాలనుండి 8.2 దినాలకు తగ్గినదని 2023లో ప్రకటితమైనది.

మందు అవసరమైన బిడ్డకు మందు ఇవ్వక తప్పదు; ఒక్క ప్రేమతో మూర్ఛ ఆగదు. కాని శిశువును ఎత్తుకొను చేతులు గూడ ఔషధమేనని నేటి నర్సులకు పాఠంగా చెప్పుచున్నారు. ఆ తల్లి పాపిష్ఠురాలు కాదు, రోగి అనుట ఆ పాఠంలోని రెండవ భాగం. హార్లెంలో ఆ వితంతువు రాత్రులు మేలుకొని ఆచరించినది ఈ రెండు పాఠాలనే.