కానూరి లక్ష్మణరావు
డాక్టర్ కానూరి లక్ష్మణరావు (జూలై 15, 1902 - మే 18, 1986) ప్రముఖ ఇంజనీరు, కేంద్రమంత్రి. కె.ఎల్.రావుగా ప్రసిద్ధుడు. నాగార్జునసాగర్ ఆనకట్ట రూపకల్పనలో ఇతని పాత్ర ప్రధానమైనది.

బాల్యము, విద్య

కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించాడు. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రిని, చదువుకొనే రోజుల్లో ఆటలో తగిలిన దెబ్బవలన ఒక కంటి చూపును కోల్పోయాడు. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి పి.హెచ్‌డి. పట్టా పొందాడు. ఉక్కుకడ్డీల కాంక్రీటుపై గ్రంథం రచించాడు. రంగూన్‌లో అధ్యాపకుడుగా కూడా పనిచేశాడు.

నాగార్జునసాగర్

1950లో ఢిల్లీలోని కేంద్ర జల, విద్యుత్ సంఘంలో డిజైన్ల డైరెక్టరుగా చేరి, 1954లో చీఫ్ ఇంజనీరు అయ్యాడు. ఆ కాలంలో దేశంలో సిమెంటుకు కొరత. భారీ యంత్రాలకు విదేశీ మారకద్రవ్యం కావలసివచ్చేది. రాయికీ, కూలీలకూ మాత్రం కొదువ లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ప్రధాన ఆనకట్టను అందువల్లనే కాంక్రీటుతో గాక రాతికట్టడంగా నిర్మించారు. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకొంటుంది, లాగుడును తట్టుకోలేదు. వంతెన దూలాలలో ఉక్కు అవసరమయ్యేది ఇందుకే. ఇటువంటి ఆనకట్ట అయితే తన బరువుతోనే నీటి తోపుడును నిలువరిస్తుంది. కనుక ఉక్కు అంతగా అక్కరలేదు, సిమెంటు రాళ్ళ సందులలోని అడుసుకే ప్రధానంగా ఖర్చవుతుంది. సుమారు 124 మీటర్ల ఎత్తుకు రాళ్ళను వేలాది కూలీలు మోసుకుపోయారు. ఈ పొదుపు భారమంతా వారి భుజాలపైనే పడిందనాలి. కాలువలకు నీరు 1967 ఆగస్టు 4న విడుదలైంది.

గంగా - కావేరి అనుసంధానం

1962లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికై, 1963లో కేంద్ర నీటిపారుదల, విద్యుత్తు శాఖల మంత్రి అయ్యాడు. అదే సంవత్సరం పద్మభూషణ్ పురస్కారం లభించింది. 1972లో గంగా-కావేరి అనుసంధానాన్ని ప్రతిపాదించాడు. పాట్నా వద్ద ఏడాదికి 150 రోజులపాటు 60,000 క్యూసెక్కుల నీటిని తీసుకొని, అందులో కొంత భాగాన్ని సుమారు 549 మీటర్ల ఎత్తుకు తోడి, 2,640 కిలోమీటర్ల కాలువ ద్వారా దక్షిణానికి తరలించాలన్నది పథకం. గోదావరి, కృష్ణా పరీవాహక ప్రాంతాల తరువాత కాలువ దాటవలసినది పెన్నా పరీవాహక ప్రాంతం. దాని ఎగువన ఉన్న అనంతపురం పీఠభూమిలో సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే.

పొదుపు డిజైన్లకు పేరుపొందిన ఇంజనీరు పథకం ఖర్చు కారణంగానే ఆగిపోయింది. అంచనా వ్యయాన్ని బాగా తక్కువగా చూపారని, నీరు తోడడానికి విద్యుత్తు విపరీతంగా కావాలని కేంద్ర జలసంఘం తేల్చింది. అయినను 1982లో ఏర్పడిన జాతీయ జలాభివృద్ధి సంస్థ నదుల అనుసంధానంపై అధ్యయనాలు కొనసాగించింది. అనంతపురం జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి 2012లో శ్రీశైలం నుండి కృష్ణా నీరు చేరింది. అదీ ఎత్తిపోతల ద్వారానే.

ఇతని ఆత్మకథ పేరు "క్యూసెక్స్ క్యాండిడేట్". కృష్ణానదిపై పులిచింతల ప్రాజెక్టుకు ఇతని పేరు పెట్టారు.