ప్రాణాపాయమని తెలిసినా... 5 వేల దరఖాస్తులు!

జీతం తక్కువ, చలి ఎక్కువ, ప్రాణాలతో తిరిగొస్తారన్న గ్యారంటీ లేదు. ఇలాంటి ఉద్యోగ ప్రకటన కనిపిస్తే మీరు అప్లై చేస్తారా? ధ్రువ యాత్రికుడు ఎర్నెస్ట్‌ షాకిల్టన్‌ పేరుతో అలాంటి ప్రకటన ఒకటి బాగా ప్రచారంలో ఉంది. ఎంత వెతికినా అది ఏ పాత పత్రికలోనూ దొరకలేదు. అసలు జరిగింది మాత్రం అంతకన్నా ఆసక్తికరం.

షాకిల్టన్‌ 1874లో ఐర్లండ్‌లో పుట్టారు. 16 ఏళ్లకే ఓడెక్కారు. 1909 జనవరిలో దక్షిణ ధ్రువానికి సుమారు 180 కిలోమీటర్ల దూరం వరకు వెళ్లి కూడా, ఇంకా ముందుకెళ్తే తోటివాళ్లు బతకరని వెనుదిరిగారు.

1913 డిసెంబరులో లండన్‌ టైమ్స్‌ పత్రిక ద్వారా మరో యాత్ర ప్రకటించారు. అంటార్కిటికాను ఒక తీరం నుంచి మరో తీరానికి మంచు మీదుగా దాటడమే లక్ష్యం. అంతకు పది నెలల ముందే, ధ్రువం నుంచి తిరిగొస్తూ స్కాట్‌ బృందం చనిపోయిందన్న వార్త అందరూ చదివారు. రిస్క్‌ ఎంతో తెలిసీ దాదాపు 5 వేల మంది దరఖాస్తు పెట్టారు.

ఇంటర్వ్యూలు కొద్ది నిమిషాలే. భౌతికశాస్త్రవేత్త రెజినాల్డ్‌ జేమ్స్‌ను ఆయన అడిగిన వాటిలో పాట పాడటం వచ్చా అన్నదీ ఒకటి! నెలల తరబడి ఒకేచోట ఇరుక్కుపోతే డిగ్రీతో పాటు మంచి మనస్తత్వమూ కావాలని ఆయనకు తెలుసు.

అదే జరిగింది. 1915లో ఎండ్యూరెన్స్‌ ఓడ మంచులో చిక్కుకుని మునిగిపోయింది. షాకిల్టన్‌ ఐదుగురితో చిన్న పడవలో దాదాపు 1,300 కిలోమీటర్లు వెళ్లి సాయం కోసం ప్రయత్నించారు. 1916 ఆగస్టు 30న ఎలిఫెంట్‌ దీవిలో మిగిలిన 22 మందినీ కాపాడారు. ఓడలోని 28 మందీ బతికారు. అవతలి తీరంలో పనిచేసిన సహాయక బృందంలో మాత్రం ముగ్గురు చనిపోయారు. 1922లో మరో యాత్రలో ఉండగా షాకిల్టన్‌ గుండెపోటుతో కన్నుమూశారు.

పని ఏంటో, కష్టం ఎంతో ముందే తెలిస్తే సత్తా ఉన్నవాళ్లు వెనక్కి తగ్గరు. రేపు మీరు ఉద్యోగ ప్రకటన చూసేటప్పుడు ఇదే గమనించండి. చేయాల్సిన పని, పనివేళలు, జీతం, ఇబ్బందులు సూటిగా చెప్పిన సంస్థకు ముందుగా అప్లై చేయండి. అన్నీ లాభాలే చెప్పి, పని గురించి ఒక్క ముక్కా రాయని చోట మాత్రం నాలుగు ప్రశ్నలు అడిగాకే అడుగు వేయండి.