రైతు దగ్గర ఆగని మనిషి

వెంకటగిరి ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. ఒకప్పుడు అది జమీందారీ. అడవిలో ఆవు మేస్తే పుల్లరి కట్టాలి, ఎండుపుల్ల తెచ్చుకున్నా తగువే. ఆ రైతుల గోడు చెప్పడానికి 1930 ప్రాంతంలో నెల్లూరు నుంచి 'జమీన్ రైతు' వారపత్రిక బయలుదేరింది. దాన్ని నడిపిన తొలి వాళ్లలో వెన్నెలకంటి రాఘవయ్య ఒకరు. ఆయన 1897లో పుట్టారు.

రైతుల పోరాటం వృథా కాలేదు. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, సాగుచేసే రైతుకు పట్టా దక్కింది. మరి ఆ రైతు చేలో కూలికి పోయే యానాది సంగతేమిటి? తెల్లవాడు వేసిన నేరస్త జాతి ముద్ర, రాత్రిళ్లు పోలీసు హాజరు - అంతే అతని ఆస్తి. రాఘవయ్య పట్టాతో పని అయిపోయిందనుకోలేదు. యానాది గుడిసెల్లోకి నడిచారు, ఆ ముద్ర చెరిపేయాలని పోరాడారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. 1981లో కన్నుమూశారు.

ముద్ర పోయింది గానీ భూమి రాలేదు. మేము తిరిగే యానాది కాలనీల్లో నేటికీ సెంటు చేను లేని ఇళ్లే ఎక్కువ. రాఘవయ్య రైతు దగ్గర ఆగలేదు. మనమూ ఆగకూడదు.