కొండదారిలో గిడుగువారు

ఉప్పుమళ్లకు పేరుపడ్డ నౌపడలో నిలబడి ఉత్తరానికి చూస్తే, పొలాలకవతల కొండల వరుస ఆరంభమవుతుంది. పరశురాముని తపోభూమిగా పురాణాలు చెప్పే మహేంద్రగిరి ఆ వైపునే ఉన్నది. దాని ఎత్తు 1501 మీటర్లు. దానికి పడమటగా, పర్లాకిమిడి వెనుకనుంచి గుణుపురం దాకా, సవరల కొండలు. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడనుంచి తమ పట్టణానికి చిన్న రైలుమార్గం వేయించారు. సుమారు నలభై కిలోమీటర్ల దారి. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. 1931లో అది గుణుపురం దాకా సాగింది. 2011 నాటికి పెద్దపట్టాలు పడి ఆ చిన్నబండి చరిత్రలో కలిసిపోయింది. చిన్నదయినా పెద్దదయినా రైలు కొండ మొదటిదాకానే తీసుకుపోగలదు. పైదారి వేరు. ఆ పైదారిని, రైలు రాకమునుపే వెతకనారంభించిన బడిపంతులు గిడుగు వేంకట రామమూర్తిగారు.

వ్యావహారిక భాషకోసం పోరాడిన మహానుభావుడుగా రామమూర్తిగారిని ఎరుగని తెలుగు విద్యార్థి ఉండడు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29, తెలుగు భాషాదినంగా జరుపుకుంటున్నాము. అయితే ఆయన జీవితంలో సగం కొండలవైపు తిరిగి ఉన్నదన్న సంగతి పాఠ్యపుస్తకాలలో ఒకటి రెండు వాక్యాలతో సరిపోతుంది. ఆ సగం తెలియకుండా తక్కిన సగం అర్థం కాదు.

ఆయన 1863లో శ్రీముఖలింగానికి దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. వంశధార ఒడ్డున ఉన్న ఊరది. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయి, అక్కడ విషజ్వరం తగిలి మరణించారు. అప్పటికి రామమూర్తిగారు ఇంకా చిన్నవాడే. బంధువుల ఆదరణలో చదువు సాగించి 1879లో మెట్రిక్యులేషను గట్టెక్కారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పయి రూపాయల జీతంమీద ఉపాధ్యాయుడయ్యారు. పైచదువులన్నీ ఉద్యోగం చేస్తూ ఇంటివద్ద చదివినవే.

పిల్లలకు చరిత్ర చెప్పే పంతులు చరిత్రను పుస్తకాలలోనుంచి మాత్రమే చెప్పడం ఆయనకు రుచించలేదు. ముఖలింగం గుడి గోడలమీది రాతలు చదవడం స్వయంగా నేర్చుకున్నారు. నడగాం తామ్రశాసనాలను పరిష్కరించి ప్రకటించారు. తూర్పు గాంగుల రాజధాని అయిన కళింగనగరం ముఖలింగమేనని వాదించారు. ఆ గాంగుల శాసనాలలో మహేంద్రగిరి శిఖరంమీది గోకర్ణస్వామికి నమస్కారం మాటిమాటికీ వస్తుంది. రాజులు శిలమీదా రాగిమీదా స్తుతించిన కొండలలో రాజులకంటె ముందునుంచీ నివసిస్తున్నవారి మాట శాసనాలలో అరుదు. వారు మాత్రం సంతరోజున పర్లాకిమిడి వీధులలో, చింతపండూ పసుపూ తట్టలలో పెట్టుకొని, ఆయన కళ్లముందే తిరుగుతున్నారు.

సవర కొండలకు ఎక్కడమంటే ఆనాడు సామాన్యమయిన ఏర్పాటు కాదు. వానలలో వాగులు దాటనీయవు. వానలు వెనుకపట్టి దారులు తేరుకునేసరికి మన్యజ్వరం పొంచి ఉంటుంది. దోమే ఆ జ్వరానికి వాహనమని రొనాల్డు రాసు నిరూపించినది 1897లో. అంతకుముందు పల్లంవాళ్లు కొండగాలినీ కొండనీళ్లనూ తప్పుపట్టేవారు. దారి చూపేవాడు లేనిదే ఒక గూడెంనుంచి మరొక గూడెం చేరడం కష్టం. అన్నిటికంటె ముఖ్యంగా దుబాసీ కావాలి. సర్కారు అధికారి వెళ్లినా, వర్తకుడు వెళ్లినా, మధ్యవర్తి నోటితోనే మాట్లాడవలసినదే. సవరకు కచేరీలో వ్యాజ్యం వచ్చినా అంతే. తాను చెప్పినది ఒకటి, అధికారి చెవిని పడినది ఒకటి అయితే, ఆ తేడా తెలిసినవాడు మధ్యనున్న ఆ ఒక్కడే. సంతలో తూకమూ అప్పూ వడ్డీ అతని నాలుకమీదనే తిరిగేవి. 1860 ప్రాంతాలలో గుణుపురం వైపు సవరలకూ పోలీసులకూ మధ్య రక్తపాతం జరిగింది. ఒకరి మాట ఒకరికి తెలియనిచోట చిన్న తగవు పెద్దది కావడానికి ఎంతసేపు పడుతుంది?

రామమూర్తిగారు చేసిన ప్రయాణ సన్నాహం ఈ దుబాసీని తప్పించడంతో మొదలయినది. కొండమీదికి పోయి భాష నేర్చుకుందామని అనుకోలేదు. భాష నేర్చుకొని కొండమీదికి పోదామనుకున్నారు. తెలుగు తెలిసిన సవరను ఇంటికి పిలిపించుకొని, ఉంచుకొని, అతనిని గురువు చేసుకున్నారు. అగ్రవర్ణపు ఇంటిలో కొండవాడు గురుస్థానంలో కూర్చోవడం ఆ రోజులలో ఎంత వింత అయి ఉంటుందో ఊహించుకోవచ్చును. వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. విన్నదానిని విన్నట్లు రాసుకోవడమే పద్ధతి.

విన్నకొద్దీ ఆ భాష తెలుగుకు చుట్టం కాదని తేలింది. సవర ముండా భాషలలోనిది, సంతాలీకి జ్ఞాతి. మాట మధ్యలో గొంతు ఠక్కున మూసుకొని తెరుచుకునే ధ్వని ఒకటి ఉన్నది. అది వినబడకపోతే ఒక మాట మరొక మాట అయిపోతుంది. క్రియలోనే కర్మను కలిపి ఒక్క మాటగా చెప్పే అలవాటూ ఉన్నది. లెక్కల పంతుళ్లకు నచ్చే విశేషం మరొకటి: సవరలు మనవలె పదులతో లెక్కించరు. పన్నెండు దాకా ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క పేరు. పదమూడంటే పన్నెండు-ఒకటి, పంతొమ్మిదంటే పన్నెండు-ఏడు. ఇరవై వచ్చేసరికి కొత్త మెట్టు. ముప్పయి రెండు అంటే ఇరవై-పన్నెండు, ముప్పయి మూడు అంటే ఇరవై-పన్నెండు-ఒకటి. సంతలో పదులతో గబగబ లెక్కచెప్పే వర్తకుని ముందు, ఇరవైలతో పన్నెండులతో లెక్కించేవాడు ఎందుకు తికమకపడేవాడో దీనివల్ల కొంత బోధపడుతుంది. వాడికి లెక్క రాక కాదు. ఎదుటివాడి లెక్క రాక.

ఇంటిలో నేర్చినది సరిచూసుకోవడానికి ఆయన కొండలెక్కారు. సవరలే తోడు, సవరలే దారి. గూడేలలో తిరిగి పాటలూ కథలూ మాటలూ పోగుచేశారు. బడికి సెలవు దొరికిన మేరకే ఈ తిరుగుడంతా. దుబాసీ లేని దొర గాని, దొర కాని పంతులు గాని తమ మాటలలో పలకరించడం సవరలు అంతకుముందు ఎరుగరు. ఆ పలకరింపుతో వారి నోళ్లు విచ్చుకున్నాయి.

కొండ తన సుంకం తాను తీసుకున్నది. తండ్రిని కడతేర్చినది విషజ్వరమే. కొడుకునూ మన్యజ్వరం పట్టుకున్నది. దానికి ఆనాడున్న మందు క్వయినా. సింకోనా చెట్టు బెరడునుంచి తీసిన ఈ చేదుమందు జ్వరాన్ని అణుస్తుంది. మోతాదు పెరిగితే చెవులలో హోరు పుట్టించి వినికిడిని తింటుంది. జ్వరం తిరగబెట్టడం, క్వయినా మింగడం. ప్రాణం దక్కింది. చెవులు పోయాయి. గొంతు లోపలి చిన్న ధ్వనికోసం కొండలెక్కినవాడు అదే ధ్వనిని వినలేనివాడయ్యాడు. ఆయన జీవితంలో దీనికంటె క్రూరమయిన సంఘటన మరొకటి లేదు.

ఆయన పని మానలేదు. సవర పిల్లలకోసం సొంత ఖర్చుతో బడులు పెట్టారు. తెలుగు అక్షరాలలో సవర వాచకాలు రాశారు. మద్రాసు ప్రభుత్వం వాటిని 1911లో అచ్చువేయించి, ఆయనకు పారితోషికం ఇవ్వజూపింది. ఆయన పుచ్చుకోలేదు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టించమన్నారు. 1913లో రావుబహదూరు బిరుదు వచ్చింది.

ఆ ఏండ్లలోనే తెలుగు వాచకాల తగాదా రేగింది. 1906 ప్రాంతంలో ఏట్సుదొర స్కూళ్ల ఇన్స్పెక్టరుగా వచ్చి, పిల్లలకు నేర్పే తెలుగుకూ ఊళ్లో వినబడే తెలుగుకూ ఇంత దూరమెందుకని పర్లాకిమిడిలో రామమూర్తిగారిని, విజయనగరంలో గురజాడవారిని, విశాఖపట్నంలో శ్రీనివాస అయ్యంగారిని కదిపారు. రామమూర్తిగారి జవాబు అప్పటికే సిద్ధంగా ఉన్నది. లిపి కూడా లేని భాషను నోటినుంచి నేర్చినవాడు, వేయేండ్ల వాఙ్మయమున్న భాషను మాత్రం పుస్తకంనుంచే నేర్పాలంటే ఎట్లా ఒప్పుకుంటాడు? ఈ వాదం ఆయన పండితసభలలో చెవులు వినబడకుండానే, గ్రంథాలనుంచి ఉదాహరణలు కుప్పలు పోసి, ముసలితనం దాకా నడిపారు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను దీనికోసమే పెట్టారు. దాని కథ అందరికీ తెలిసినదే.

కొండపనికి ఫలం ఆలస్యంగా అందింది. సవర భాషావ్యాకరణం 1931లో వెలువడేనాటికి ఆయనకు అరవై ఏడు దాటాయి. ఇంగ్లీషు-సవర నిఘంటువు 1933లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వచ్చాయి. వినికిడి పోయిన తండ్రికి ఈ కృషిలో కుమారుడు సీతాపతిగారు తోడునిలిచారు. 1934లో ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది.

1936 ఏప్రిల్‌లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయినప్పుడు పర్లాకిమిడి అందులోకి పోయింది. తెలుగువారు అధికంగా ఉన్న పట్టణాన్ని ఆ విధంగా కలపడాన్ని ఎదిరించిన రామమూర్తిగారు, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆయనకప్పుడు డెబ్బయి మూడవ యేడు. సవర కొండలు ఆ రాష్ట్రంలో కొంత, ఈ రాష్ట్రంలో కొంతగా చీలిపోయాయి. అదే సంవత్సరం మాంగై గొమాంగో అనే సవర తన భాషకు సొంత లిపి కల్పించుకున్నాడు.

రామమూర్తిగారు 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. ముండా భాషలమీద పనిచేసిన తరువాతి పండితులు, సవర మాట ఒకటి తెలుసుకోవలసినప్పుడు, ముందుగా తెరిచినవి ఆయన నిఘంటువులే. గొంతు మూసుకునే ఆ చిన్న ధ్వనికి వాటిలో ప్రత్యేకమయిన గుర్తు ఉన్నది.