నవాబు జఫర్ జంగ్ బహద్దూరు

హైదరాబాదు పాతనగరమున పాయిగా వంశము పేరెన్నిక గన్నది. ఆ ప్రభువులు నిజాము సంస్థానమునకై సేనలను పోషించుచు విస్తారమైన జాగీరుల ననుభవించినవారు. ఆ యింట ఖడ్గముతోపాటు శాస్త్రమునకును గౌరవముండెను. ద్వితీయ షంసుల్ ఉమ్రా బిరుదాంకితులైన ఫక్రుద్దీన్ ఖాన్ గారు 19వ శతాబ్ది పూర్వార్ధముననే యంత్రశాస్త్రము, ఖగోళము మున్నగు పాశ్చాత్య శాస్త్రములను ఉర్దూలోనికి మార్పించి అచ్చొత్తించిరి. వారి మునిమనుమలు, సర్ ఖుర్షీద్ జా గారి కుమారులు నవాబు జఫర్ జంగ్ బహద్దూరు గారు.

నవాబుగారికి జ్యోతిర్మండలమునందు మక్కువ మెండు. 1901లో వారు 15 అంగుళముల కటకము గల గ్రబ్ దూరదర్శినిని స్వంత ధనముతో కొని తెప్పించి, చార్మినారుకు ఆగ్నేయముగా నున్న ఫిసల్ బండలో వేధశాలను నెలకొల్పిరి.

ఇంత వ్యయముతో చుక్కలను చూచుట యెందులకని యడుగవచ్చును. గ్రహములును చంద్రుడును ఏ యాధారమున ఆకాశమున తిరుగుచున్నవో తెలియుట కిట్టి చూపే మార్గము. జొన్నచేని మంచెపై నిలిచిన కాపరి ఒడిసెల త్రిప్పునపుడు, త్రాడు చేతనున్నంతవరకు రాయి చుట్టు తిరుగును. విడిచినంతనే సూటిగా పోవును. చంద్రునికి త్రాడు భూమి యొక్క ఆకర్షణము. అది లేకున్న చంద్రుడు సూటిగా దూరమగును. వేగము లేకున్న నేలపై పడును. చెట్టునుండి పండు మొదటి సెకండులో సుమారు 5 మీటర్లు పడును. చంద్రుడు భూమి వ్యాసార్ధమునకు 60 రెట్ల దూరమున నున్నాడు. దూరము రెట్టింపైన ఆకర్షణము నాలుగవ వంతగును గనుక, అచ్చట నది 3,600వ వంతు మాత్రమే. అందుచే చంద్రుడు సెకండుకు సుమారు 1 కిలోమీటరు ముందునకు సాగుచు, ఆ సూటిదారినుండి ఒకటిన్నర మిల్లీమీటరు కంటె తక్కువగా భూమివైపునకు వంగును. అతడు నిత్యము పడుచునే యున్నాడు. వేగముచే భూమిని తప్పించుకొనుచు 27 దినములకు పైగా ఒక చుట్టు ముగించుచున్నాడు. ఈ నియమమును న్యూటను పండితుడు 1687లో వెల్లడించెను.

ఈ లెక్క సరిచూచుటకు ఆకాశమున గుర్తులు కావలెను. హద్దురాళ్లు లేని పొలమును కొలువలేము గదా! నక్షత్రములే ఆ హద్దురాళ్లు. వానికి పట్టిక వ్రాయు మహోద్యమము 1887లో పారిస్ నగరమున ఆరంభమైనది. దేశదేశముల వేధశాలలు ఆకాశమును పంచుకొనెను.

నవాబుగారు దూరదృష్టి గలవారు. ఒక మనుష్యుని యాయువు ఈ పనికి చాలదని యెరిగి, తాము పోయిన పిదప వేధశాలను ప్రభుత్వము చేపట్టవలెననియు, దానికి నిజామియా యను పేరిడుట కనుజ్ఞ నీయవలెననియు నిజాము ప్రభువును ముందుగనే వేడుకొనిరి. 1907లో వారు కీర్తిశేషులైరి. ఏలిక మనసు మారినచో ఆ దూరదర్శిని పాత సామానుల గదిలో తుప్పుపట్టి యుండెడిదే. అట్లు జరుగలేదు. 1908లో ప్రభుత్వము వేధశాలను స్వీకరించెను. చాట్వుడ్ దొర తొలి డైరెక్టరయ్యెను. వేధశాల బేగంపేటకు మారెను. దక్షిణాకాశమున 17 భాగలు మొదలు 23 భాగల వరకు గల పట్టీ హైదరాబాదు వంతునకు వచ్చెను. ఆ కొలతలు క్రమముగా 12 సంపుటములై వెలువడెను. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరెను.

నవాబుగారి దూరదర్శిని పూర్తిగా అమరుటకు 1922వ సంవత్సరము రావలసివచ్చెను. అప్పటికి కొని 21 ఏండ్లు, కొన్నవారు గతించి 15 ఏండ్లు. టి. పి. భాస్కరన్ గారి యాజమాన్యమున దానితో చంద్రుడు చుక్కలను మరుగుపరచు సమయములను గుర్తించిరి. చుక్క మాయమైన క్షణమే చంద్రుడు తన దారిలో ఎచ్చట నున్నాడో చెప్పును.

ముందునకు సాగు వేగము, విడువక పట్టి యుంచు ఆకర్షణము, ఈ రెండు నున్నప్పుడే చంద్రుడు తిరుగును. ప్రజోపయోగ సంస్థలకును ఇదియే న్యాయము. దాత యిచ్చిన తొలి యూపును పదిమంది పట్టి నిలుపవలెను. జఫర్ జంగ్ గారు ఊపు నిచ్చుటయే గాక, పట్టువారిని గూడ ముందుగనే యేర్పరచి పోయిరి.